వకీలు ఆఫీసులో నిండు బెంచీ

వకీళ్ళు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదన్న నియమం ఒకటుందని నాకు మావాడు నల్లకోటు కుట్టించుకున్నాకే తెలిసింది. పళ్ళపొడి అమ్మేవాడు పత్రికలో పావు పేజీ కొనుక్కోవచ్చు. సినిమావాళ్ళు ఊళ్ళో గోడలన్నీ కొనుక్కోవచ్చు. బట్టల కొట్టువాడు రిక్షాకు మైకు కట్టించి వీధి వీధీ తిప్పవచ్చు. వకీలు మాత్రం గుమ్మం పక్కన ఒక చిన్న బోర్డు తగిలించుకొని, లోపల కూర్చొని, ఎవరికైనా ఎవరితోనైనా తగాదా వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ తగాదా వచ్చినవాడు దారినపోతూ తల ఎత్తి ఆ బోర్డు చదవాలి.

అరవైల చివరి సంగతి ఇది. నేను అప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ ఒక తెలుగు దినపత్రికకు క్యాంపస్ వార్తలు రాసిచ్చేవాణ్ణి. అడిక్‌మెట్‌లో ఒక లాడ్జింగులో ఉండేవాణ్ణి. మావాడు అంటున్నది నా గదిలోనే ఉండే మిత్రుణ్ణి. లా పాసై, సిటీలో పెద్ద పేరున్న ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరాడు. అక్కడ అతను వాదించిందేమీ లేదు, మోసిందే ఎక్కువ. సీనియర్ కోర్టు మెట్లు ఎక్కుతుంటే వెనక లావుపాటి పుస్తకాలు ఎత్తుకొని ఎక్కేవాడు, దిగుతుంటే దిగేవాడు. సాయంత్రం గదికొచ్చి మోచేతులకు జిందాతిలిస్మాత్ మందు రాసుకునేవాడు.

ఒకనాడు ధైర్యం చేసి, సొంతంగా ఆఫీసు పెట్టుకుంటానని సీనియర్‌తో చెప్పేశాడు.

"ఏడ పెడ్తవు?" అన్నాడట ఆయన.

"తార్నాకల సార్."

"తార్నాకల ఎవరున్నరయ్యా? ప్రొఫెసర్లున్నరు. వాళ్ళు ఒకల మొఖం ఒకలు చూడరు కని కోర్టుకైతే రారు. ఇంకెవరున్నరు, స్టూడెంట్లు. వాళ్ళ పంచాయితీలు క్యాంటీన్లనే తెగుతయి."

గుమాస్తాలు నవ్వారు. తోటి జూనియర్లు నవ్వారు. బయట కూర్చున్న క్లయింట్లు కూడా నవ్వారు. సీనియర్ మాత్రం నవ్వలేదు. మంచి మనిషి కావడం వల్ల ఇంకా పెద్ద దెబ్బ కొట్టాడు.

"సరే, పెట్టుకో. ఎండకాలం సెలవులకు కోర్టు మూసేదాంక చూడు. గప్పటికి నీ పేరు మీద ఒక్క వకాలత్ పడ్డదనుకో, నేనే నీ ఆఫీసుకొచ్చి చాయ్ తాగిపోత. పడకుంటె కోర్టు మల్ల తెరిచిన దినం వచ్చి గీ పుస్తకాలు ఎత్తుకో. నీ కుర్చీ ఎవ్వరికియ్య."

వకాలత్ అంటే, నా తరఫున నువ్వు వాదించు అని క్లయింటు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. మావాడికి కావలసింది అటువంటిది ఒక్కటి. వేసవి సెలవుల లోపల తార్నాకలో ఒక్క మనిషి వచ్చి ఒక్క సంతకం పెట్టాలి. లేకపోతే పుస్తకాల మోత, మోచేతుల నొప్పి, ఆ గుమాస్తాల నవ్వులు.

గది తార్నాక చౌరస్తాలో ఒక ఇరానీ హోటల్ మీద దొరికింది. హోటల్ పక్కనుంచి మెట్లు. పైన రెండు భాగాలు. లోపలి భాగంలో మావాడి టేబులు, ముందు భాగంలో గోడ పొడవునా ఒక బెంచీ, ఆ బెంచీ మీద ఒక సీలింగ్ ఫ్యాను. రెంటికీ మధ్య ఆకుపచ్చ పర్దా. సికింద్రాబాద్ బస్సు సరిగ్గా కిటికీ కిందే ఆగేది. డబుల్ డెక్కర్ వచ్చినప్పుడు పై అంతస్తులో కూర్చున్నవాళ్ళు మావాడి ముఖంలోకి చూసేవారు. రోజంతా ఇంతమంది చూస్తున్నారు, ఒక్కడైనా దిగడా అని మావాడి ఆశ.

బోర్డు రాయడానికి లాలాగూడ నుంచి ఒక పెయింటర్ వచ్చాడు. సినిమా టాకీసులకు రాసే చెయ్యి. చిన్న బోర్డు అనగానే అతని ముఖం వాడిపోయింది.

"పేరొక్కటి రాస్తె ఎవరు చూస్తరు సార్? వకీలంటె తరాజు ఉండాలె. పక్కన తరాజు ఏస్త, మంచిగ కనవడ్తది."

వేశాడు. నిజంగానే బాగా కనపడింది. పేరు కంటే తరాజు పెద్దది. బంగారు రంగు పళ్ళాలు, కింద నీడ. బోర్డు తగిలించిన రెండోరోజే మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మావాడు కోటు గుండీలు పెట్టుకొని, ముందే తెరిచి ఉంచిన లా పుస్తకం మీదికి వంగాడు. యూనివర్సిటీ క్వార్టర్స్ నుంచి ఒక లెక్చరర్ గారి భార్య. కింద రిక్షా నిండా పాత పత్రికలు.

"కిలో ఎంతకు తీసుకుంటారండీ?" అంది ఆమె.

మావాడు తాను వకీలునని వినయంగా చెప్పుకున్నాడు.

"మరి అంత పెద్ద తక్కెడ బొమ్మ ఎందుకు పెట్టారండీ? ఎండలో రిక్షా వేసుకొచ్చాను" అని ఆమె కోప్పడి వెళ్ళిపోయింది. ఆ కట్టల్లో నేను రాసిన వార్తలు కూడా ఉండే ఉంటాయి. పెయింటర్‌ను మళ్ళీ పిలిపించి తరాజు మీద నల్లరంగు పూయించాం. అయినా సాయంత్రపు ఎండ పడితే రంగు కిందినుంచి బంగారు పళ్ళాలు కొంచెం కొంచెంగా మెరిసేవి.

తర్వాతి ప్రయత్నం నా వైపు నుంచి. ప్రకటన ఇవ్వకూడదన్నారు కానీ సంపాదకుడికి లేఖ రాయకూడదని ఎవరూ అనలేదు. తార్నాక బస్‌స్టాపు దగ్గర నీడ లేదనీ, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఎండలో మాడిపోతున్నారనీ ఒక లేఖ తయారుచేశాం. కింద మావాడి పేరు, దాని పక్కన 'న్యాయవాది, తార్నాక' అని రాశాం. బోర్డుకు నియమం ఉంది కానీ లేఖకు లేదు కదా అని మా తెలివిని మేమే మెచ్చుకున్నాం. నేనే పట్టుకెళ్ళి డెస్కు మీద ఇచ్చాను. డెస్కు పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు. లేఖలో ఒక్క అక్షరం మార్చలేదు. చివరికొచ్చి 'న్యాయవాది' కొట్టేశాడు. కాసేపు ఆలోచించి పేరు కూడా కొట్టేశాడు.

"బస్సు కోసం నిలబడేవాడికి డిగ్రీ ఎందుకయ్యా?" అన్నాడు.

మర్నాడు లేఖ 'ఒక ప్రయాణికుడు' పేరుతో అచ్చయింది. కొన్నాళ్ళకు అక్కడ నిజంగానే రేకుల షెడ్డు వేశారు. దాని నీడలో నిలబడిన వాళ్ళలో ఒక్కరికైనా అది పైనున్న వకీలు పుణ్యమని తెలియలేదు. పైగా ఆ షెడ్డు రేకు మావాడి బోర్డుకు సగం అడ్డం వచ్చింది.

పత్రికల్లో పనిచేసేవాడు మనుషులకు పేరు తెచ్చిపెట్టగలడని అప్పట్లో లోకం నమ్మేది. నేనూ కొంత నమ్మేవాణ్ణి. డెస్కు పెద్దాయన నీలిపెన్సిలుతో ఆ నమ్మకం తగ్గింది.

అప్పుడు కింద హోటల్ సేట్ రంగంలోకి దిగాడు. ఆ గదికి యజమాని కూడా ఆయనే. గల్లా మీద కూర్చొని, ఒక కంటితో చిల్లర, ఇంకో కంటితో చౌరస్తా చూస్తూ ఉండేవాడు. మావాడు రోజూ మొహం వేలాడేసుకొని చాయ్‌కి దిగడం గమనించాడు.

"వకీల్ సాబ్, ఒక మాట చెప్త, గుస్సా కావద్దు. ఖాళీ హోటల్ల ఎవడన్న చాయ్ తాగుతడా?"

"తాగడు."

"నేను గీ హోటల్ తెరిచిన దినం పొద్దుగాల్నే మా సుట్టాలందర్ని పిలిచి తలా ఒక టేబుల్ కాడ కూసోబెట్టిన. ముఫత్ చాయ్ పోసిన. బయటికెల్లి చూసెటోడు ఏమనుకుంటడు? ఇంతమంది తాగుతున్నరంటె బాగుంటదనుకుంటడు. మీ బెంచీ ఖాళీగున్నది సాబ్. ముందుగాల బెంచీ నింపున్రి."

మావాడు నా వైపు చూశాడు. నేను మావాడి వైపు చూశాను. బోర్డు పరిమాణం గురించి నియమం ఉంది. బెంచీ మీద ఎవరు కూర్చోవాలన్న నియమం లేదు.

మనుషుల కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. పరీక్షల కాలం. మా లాడ్జింగులో ఫ్యాను లేదు, గదికి ఒక్క కిటికీ, అది కూడా పక్కింటి పెంకుల మీదికి తెరుచుకునేది. వకీలు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చొని చదువుకోవచ్చు, రోజూ పత్రిక ఉంటుంది అనగానే లాడ్జింగు సగం కదిలింది. మర్నాడు పొద్దున్నే వచ్చి ఫ్యాను కింది చోటు కోసం తోసుకున్నారు.

మావాడు వాళ్ళను వరసగా నిలబెట్టి షరతులు పెట్టాడు. పుస్తకాలు అట్టలు కనపడకుండా పట్టుకోవాలి. గట్టిగా చదవకూడదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి తలా ఒక కేసు ఉండాలి. ఆ కేసులు కూడా తనే పంచాడు. ఒక లావుపాటివాడికి విడాకుల కేసు ఇచ్చాడు.

"నాకింక లగ్గమే కాలే గదరా" అన్నాడు వాడు.

"అయితె కిరాయి లొల్లి తీస్కో."

"అది ఉన్నదే. లాడ్జింగోనితోటి రోజు అయితనే ఉన్నది."

ఇంకొకడికి ఆస్తి పంపకాలు ఇస్తే, మా నాయిన మంచిగున్నడు, గసొంటి మాటలు అనకు అని చెవులు మూసుకున్నాడు. కెమిస్ట్రీ చదివే ఒక సన్నపు కుర్రవాడు మాత్రం పొలం గట్టు తగాదా అడిగి మరీ తీసుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో అటువంటివి చిన్నప్పటినుంచి విన్నాడట, అందుకని బాగా చెప్పగలనన్నాడు.

అలా బెంచీ నిండింది. మావాడు తన వంతుగా ఇంకో నాటకం ఆడాడు. కోర్టుకు పోని వకీలును ఎవరు నమ్ముతారని సేట్ అన్నాడు కనుక, పొద్దున్నే కోటు వేసుకొని, చంకలో ఫైళ్ళు పెట్టుకొని బయలుదేరేవాడు. కేసు లేని వకీలుకు కోర్టులో ఏం పని? నేరుగా క్యాంపస్‌లోకి నడిచి, ఆర్ట్స్ కాలేజీ ఎదుట చెట్ల నీడలో కూర్చొని, మధ్యాహ్నం ముందు అలసిన ముఖంతో తిరిగొచ్చేవాడు. ఎండ వల్ల ముఖం నిజంగానే అలిసిపోయేది. వచ్చి పర్దా వెనక కూర్చునేవాడు. పర్దా దాటి బయటికి రాకూడదన్నది సీనియర్ దగ్గర నేర్చుకున్న పాఠం. అక్కడ క్లయింట్లను గుమాస్తా వచ్చి పిలుస్తాడు. వకీలే బయటికి తొంగిచూస్తే ఖాళీగా ఉన్నాడని తెలిసిపోతుంది. ఇక్కడ గుమాస్తా లేడు. క్యాంపస్‌లో వార్తలు లేని రోజు నేను ఆ వేషం కట్టేవాణ్ణి. పర్దా పక్కన నిలబడి "తర్వాత ఎవరండీ?" అనేవాణ్ణి. సన్నపు కుర్రవాడు పుస్తకం చంకలో పెట్టుకొని గంభీరంగా లోపలికి పోయి, కాసేపు కూర్చొని, మళ్ళీ వచ్చి ఫ్యాను కిందే చేరేవాడు. ఆ చోటు ఎవరికి వదులుతాడు?

ఆ రోజుల్లోనే బెంచీ చివర ఒక పెద్దమ్మ కనపడసాగింది. చామనచాయ, ముతక నేత చీర, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. చేతిలో గుడ్డసంచి. మధ్యాహ్నం వచ్చేది. వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, బెంచీ చివర జాగా చేసుకొని కూర్చునేది. సంచిలోంచి పుంటికూర కట్టలు తీసి ఒళ్ళో పెట్టుకొని ఆకు తెంపుతూ ఉండేది. సాయంత్రం లాలాగూడ రైల్వే వర్క్‌షాపు సైరన్ వినపడగానే కూర సంచిలో వేసుకొని, ఎవరితోనూ ఏమీ అనకుండా దిగిపోయేది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చి చివరే కూర్చునేది.

సేట్ పంపించాడని నేననుకున్నాను. అందరూ కుర్రాళ్ళే ఉంటే బాగుండదని ఒక పెద్ద మనిషిని కూడా కూర్చోబెట్టాడు, ఎంత ముందుచూపు అనుకున్నాను. మావాడూ అదే అనుకున్నాడు. సేట్‌ను తర్వాత అడిగితే, వకీల్ సాబ్ ఊరినుంచి సుట్టాన్ని పిలిపించుకున్నడనుకున్న అన్నాడు. లాడ్జింగు వాళ్ళలో ఎవరి అత్తో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒకరినొకరు అడగనేలేదు. నాటకంలో తోటి వేషగాణ్ణి నువ్వెవరని అడగడం మర్యాద కాదు కదా.

లావుపాటివాడు ఒక్కడు ఉండబట్టలేక అడిగాడు.

"ఏం పని మీద వస్తున్నవు పెద్దమ్మా?"

ఆమె ఆకు తెంపడం ఆపలేదు. "మీరెందుకొస్తున్నరో నేనడిగిన్నా? కోర్టు ముచ్చట పదిమందిల చెప్పుకునేదా కొడుకా?"

వాడు ఆ జవాబుకు ముగ్ధుడైపోయాడు. మాకందరికీ ఆ సాయంత్రం అదే చెప్పాడు. "ఆమెను చూసి నేర్చుకోవాలెరా. మనకు కేసులు ఇచ్చినా చెప్పనీకి రాదు. ఆమె ఏం చెప్పకుండనే కేసున్నట్టు చేస్తది."

పొలం గట్టు కేసును మాత్రం సన్నపు కుర్రవాడు ఆమెకు పూర్తిగా చెప్పాడట. పక్కపొలం వాడు రాత్రికి రాత్రి గట్టు జరిపాడనీ, నాన్న ఒంటరివాడనీ, చిన్నాన్నలు పట్టించుకోవడం లేదనీ. ఆమె చాలాసేపు తల ఊపింది. "నువ్వు గింత సన్నగెందుకైనవో ఇప్పుడెర్కైంది కొడుకా" అంది. మర్నాటినుంచి అతనికోసం సంచిలో ఒక జొన్నరొట్టె కూడా వచ్చేది. మొహమాటపడుతూనే తినేవాడు. ఊరికే తినడం బాగుండదని ఒక చేత్తో పుస్తకం పట్టుకొని, ఇంకో చేత్తో ఆమెకు ఆకు తెంపిపెట్టేవాడు. కొన్నాళ్ళకు బెంచీ మీద అందరి ఒళ్ళోనూ పుంటికూర కాడలు ఉండేవి. ఆ దృశ్యం చూసి నేను ఒక వార్త రాద్దామనుకున్నాను కానీ డెస్కు పెద్దాయన గుర్తొచ్చి మానుకున్నాను.

ఇంత నిండు బెంచీ ఉన్నా పైకి కొత్తవాళ్ళెవరూ రాలేదు. మెట్ల మొదట నిలబడి పైకి చూసి, "మస్తు మంది ఉన్నరు" అనుకుంటూ పోయినవాళ్ళను ఇద్దరు ముగ్గురిని నేనే చూశాను. హోటల్‌కూ వకీలు ఆఫీసుకూ తేడా ఉందని సేట్‌కు గానీ మాకు గానీ తట్టలేదు. నిండిన హోటల్లో ఎవడైనా లేచిపోతే చోటు దొరుకుతుంది. మా బెంచీ మీదినుంచి ఎవడూ లేవడు.

పరీక్షలు మొదలయ్యాయి. ఆర్ట్స్ వాళ్ళవి ముందు అయిపోయాయి. లావుపాటివాడు ఆఖరి పేపరు రాసి సాయంత్రమే ఊరికి బస్సెక్కాడు. ఆస్తి పంపకాలవాడూ వెళ్ళిపోయాడు. బెంచీ ఒక్కొక్క జాగా ఖాళీ అవుతూ వచ్చింది. ఒకరు వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ మరుసటిరోజు ఒక మనిషి మందం ముందుకు జరిగి కూర్చోవడం నేను చూశాను. ఫ్యాను గాలికి జరుగుతోందనుకున్నాను. చివరకు ఇద్దరే మిగిలారు. ప్రాక్టికల్సు ఉన్న సన్నపు కుర్రవాడు, అతని పక్కన పెద్దమ్మ.

కోర్టు సెలవులు దగ్గరపడ్డాయి. మావాడు దిగులు దాచుకోవడం మానేశాడు. కోటు వేసుకొని చెట్లకిందికి పోవడం కూడా మానేశాడు. ఒకరోజు రాత్రి గదిలో, "బోర్డు దించేద్దాం" అన్నాడు. కోర్టు ఇంకో రెండు రోజులు పనిచేసి మూతపడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం సామాను సర్దడానికి నేనూ వెళ్ళాను. సన్నపు కుర్రవాడు పొద్దున్నే ప్రాక్టికల్సు ముగించుకొని, పెద్దమ్మకు చెప్పిపోదామని వచ్చి, ఆమె ఇంకా రాకపోవడంతో మాతో చెప్పమని వెళ్ళాడు. మావాడు లా పుస్తకాలు తాడుతో కట్టి, రెండు చేతులా ఎత్తుకొని, మధ్యాహ్నం వేళ మొదటిసారి పర్దా తొలగించి బయటికొచ్చాడు. అలవాటైన మోత కనుక బాగానే ఎత్తాడు. అప్పటికి ఆమె వచ్చి కూర్చొని ఉంది. బెంచీ చివర కాదు. మొదట్లో, పర్దా పక్కనే. ఆ రోజు ఆకు కూడా తెంపడంలేదు.

మావాడు పుస్తకాలు అలాగే పట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా, ఇగ రేపటికెల్లి రావద్దు. పరీక్షలయిపోయినయి, అందరు పోయిన్రు. మా కోసం శాన తిప్పలపడ్డవు. సేట్‌కు నేను చెప్త."

"సేట్ ఎవరు?" అంది ఆమె.

"కింద హోటల్ సేట్. నిన్ను పంపించింది ఆయనే గద?"

"నన్ను ఒగలు పంపుడేంది? నా కేసు కోసం నేనొచ్చిన." ఆమె లేచి నిలబడింది. "అందరియి అయిపోయినయి గద సారూ. ఇప్పుడు నా వంతే."

మావాడి చేతుల్లోంచి పుస్తకాల కట్ట జారి బెంచీ మీద పడింది. కింద బస్సు కండక్టరు సికింద్రాబాద్, సికింద్రాబాద్ అని అరవడం వినపడుతోంది. ఆమె గుడ్డసంచి తిప్పి, పుంటికూర పక్కకు తీసి, అడుగునుంచి ఒక గుడ్డ మూట బయటికి లాగింది. అందులో కాగితాలు.

ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. త్వరలో రిటైరవుతాడు. అప్పుడు రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మౌలాలి గుట్ట దగ్గర చిన్న జాగా కొనుక్కొని రెండు గదులు వేసుకున్నారు. ఇప్పుడు పక్కవాడు తోవకు అడ్డంగా ముళ్ళకంచె నాటాడు. ఇల్లు ఉంది, ఇంట్లోకి పోయే దారి లేదు. భర్తకు షాపు వదిలి రావడానికి వీలుకాదు. అందుకని ఆమె రోజూ అతని మధ్యాహ్నం డబ్బా గేటు దగ్గర ఇచ్చి, అటునుంచి అటే తార్నాక నడిచొచ్చి, సైరన్ మోగేదాకా కూర్చొని పోయేది.

"మరి ఇన్ని దినాలు లోపటికి రాకపోతివి అమ్మా?" అన్నాడు మావాడు.

"ఎట్లొస్త? నాకంటె ముంగట గంతమంది ఉండిరి. పొద్దుగాల్నే వచ్చి కూసునెటోళ్ళను దాటి పోతనా? పాపం ఆ సన్నపు పిలగాడు ఎన్నిసార్లు లోపటికి పోయొచ్చినా మల్ల కూసునే ఉండె. కష్టమైన కేసనుకున్న."

"నువ్వు ఇంకో వకీలు తాన్కి పోవచ్చు గదమ్మా" అన్నాను నేను. ఆ మాట అడగకుండా ఉండాల్సింది. మావాడు నా కాలు తొక్కాడు.

"పోయేదాన్నే. కని ఇంతమంది ఈ సారు కోసం పడిగాపులు పడుతున్నరంటె ఊకెనే పడ్తరా? మా ఇంటాయనకు అదే చెప్పిన. ఆలిశమైనా మంచిది, గీ సారైతేనే తోవ తెరిపిస్తడు అన్న."

లోపల టేబులు మీద వకాలత్ కాగితం చాలాకాలంగా సిద్ధంగా ఉంది. దుమ్ము దులిపి ముందు పెట్టాడు మావాడు. ఆమె చేయి చీరకొంగుకు తుడుచుకొని, మిషన్ స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా మావాడు ఆ కాగితం వంక చూస్తూనే ఉన్నాడు. కలం మూత పెట్టడం కూడా మరిచాడు.

వెళ్ళబోతూ ఆమె తలుపు దగ్గర ఆగింది.

"గా పిలగాని పొలం గట్టు పంచాయితీ తెగిందా సారూ?"

మావాడు నా వైపు చూశాడు. అతనికి అబద్ధం చెప్పాలనిపించలేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు.

"ఫలితం జూన్‌ల వస్తదమ్మా" అన్నాడు.

మర్నాడు కోర్టు మూసేలోపల వెళ్ళి దావా వేసొచ్చాడు. ఈసారి క్యాంపస్ చెట్లకిందికి కాదు, నిజం కోర్టుకే. బస్సులో నిలబడే వెళ్ళాడు, కోటు నలుగుతుందని.

తర్వాతి సంగతి మేము అనుకున్నది కాదు. ఆమె లాలాగూడ క్వార్టర్స్ అంతా చెప్పింది. ఏం చెప్పిందయ్యా అంటే, సారు బాగా చదువుకున్నాడని కాదు, తక్కువ తీసుకుంటాడని కాదు. ఎంత తిరిగినా దొరకడని చెప్పింది. నెలల తరబడి కూర్చుంటే కానీ లోపలికి పిలవరని చెప్పింది. ఆ సెలవుల్లోనే జనం రావడం మొదలైంది. డబ్బాలో అన్నం కట్టుకొని, కూర్చోవడానికి సిద్ధమై వచ్చేవారు. మావాడు సంతోషం పట్టలేక మొదటివాణ్ణి వచ్చిన వెంటనే లోపలికి పిలిచాడు. అతను అనుమానంగా లేచి నిలబడ్డాడు.

"ఇంత జల్దిన పిలుస్తున్నరేంది? పెద్ద సారు లేడా?"

అప్పటినుంచి మావాడు ఎవరినీ వెంటనే పిలవలేదు. లోపల ఏ పనీ లేకపోయినా, పత్రికలో నా క్యాంపస్ వార్తలు మొదటినుంచి చివరిదాకా చదివి, అప్పుడు పిలిచేవాడు. నా వార్తలను అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు నాకు ఆ తర్వాత మళ్ళీ దొరకలేదు. ఇవాళ కంపెనీలు తమ పేరు జనంలోకి ఎలా వెళ్ళాలో చెప్పించుకోవడానికి నిపుణులను పెట్టుకుంటున్నాయి. అటువంటి సభల వార్తలు నేను చాలా రాశాను. వేదిక మీద ఎవరైనా 'నమ్మకం' అన్నప్పుడల్లా నాకు ఆ బెంచీ గుర్తొచ్చేది. మేము బోర్డుతో, లేఖతో, సేట్ ఉపాయంతో చేసిన పని అంతా ఒక ఎత్తు. ఆ పెద్దమ్మ తన వంతు తప్పించి ముందుకు దూరకపోవడం ఒక ఎత్తు.

జూన్‌లో కోర్టు తెరిచారు. మావాడు పుస్తకాలు మొయ్యడానికి రాలేదు కనుక సీనియర్‌కు సంగతి అర్థమైంది. మాట ఇచ్చిన మనిషి. ఒక సాయంత్రం కారు హోటల్ ముందు ఆపించి, నల్లకోటుతోనే మెట్లెక్కాడు. ఆ వేళకు నేను పర్దా పక్కన ఉన్నాను. బెంచీ నిండుగా ఉంది. అందరూ నిజం క్లయింట్లే. తన వాయిదా ఎప్పుడో కనుక్కుందామని పెద్దమ్మ కూడా వచ్చి కూర్చొని ఉంది, ఒళ్ళో పుంటికూరతో.

ఆయన అలవాటు ప్రకారం నేరుగా పర్దా దగ్గరికి నడిచాడు.

"అయ్యా," అంది పెద్దమ్మ, తలెత్తకుండానే. "నల్లకోటు ఉన్నంతమాత్రాన ముంగట పోతవా? అందరం వంతు మీదనే ఉన్నం. గాడ చివరకు కూసో."

సిటీలో ఆయన్ను కూర్చోమని చెప్పినవాళ్ళు జడ్జీలు తప్ప ఇంకెవరూ ఉండరు. నేను పరుగెత్తుకెళ్ళి లోపల చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు. బెంచీ పొడవునా ఒకసారి చూశాడు. గోడనూ, ఫ్యానునూ చూశాడు. వెళ్ళి చివర కూర్చున్నాడు. లోపల మావాడు మొదట వచ్చిన క్లయింటుతో తీరిగ్గా మాట్లాడుతున్నాడు.

కొంతసేపటికి పెద్దమ్మ ఆయన ఖాళీ చేతుల వైపు చూసింది. ఊరికే కూర్చున్న మనిషిని చూసి ఊరుకోలేని స్వభావం ఆమెది. ఒక పుంటికూర కట్ట విప్పి, సగం ఆయన ముందుకు నెట్టింది.

"ఇంక శానసేపు పడ్తదయ్యా. జర గీ ఆకు తెంపుండ్రి."

ఆయన కోటు చేతులు కొంచెం పైకి మడుచుకున్నాడు. మావాడు పర్దా తీసి బయటికొచ్చేసరికి, ఆయన ముందు ఆకు ఒక కుప్పగా, కాడలు ఒక కుప్పగా ఉన్నాయి.